లడ్డూ గుడ్డకు అంటిన గడ్డి

ఆ రోజు పొద్దున నేను హారతి పళ్ళెం పట్టుకుని మండపంలోకి వెళ్ళేసరికి వినాయకుడు ఉత్త చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. ముందురోజు రాత్రి ఆ చేతిలో ఐదు కిలోల లడ్డూ ఉంది. నేను చేసిన లడ్డూ.

నా పేరు మహేశ్వరి. హైదరాబాద్ పాతబస్తీలో, జహనుమాలో పిండివంటలు చేసి అమ్ముతాను. మా గల్లీ మండపానికి ఏటా లడ్డూ నేనే చేస్తాను. శెనగపిండి నేనే జల్లిస్తాను, పాకం నేనే పడతాను, కర్బూజ గింజలు నేతిలో వేయించి నేనే కలుపుతాను. ఆ గింజలు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ వెయ్యరు. పాకం పట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే మొహం మీదే తిడతాను. మా ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉండడు. అంత చేసి పెట్టిన లడ్డూను ఎవడో ఎత్తుకుపోతే నా ఒళ్ళు మండదా మరి? "ఎవడురా వాడు, వాని చేతులిరగ" అని నేను వేసిన కేకకు గల్లీ అంతా పళ్ళు తోముకుంటూనే పరుగెత్తుకొచ్చింది.

ముందుగా వచ్చింది నాగమణమ్మ. మా గల్లీలో అందరికంటే పెద్దావిడ, ఒక మేకను పెంచుకుంటుంది. ఖాళీ చెయ్యిని చూసి దండం పెట్టింది.

"స్వామే తిన్నడేమోనే మహేశ్వరీ."

"తింటే తిన్నడు పెద్దమ్మా. కప్పిన గుడ్డను పరదా వెనక పారేసి పోతడా?"

లడ్డూ మీద ఎర్ర మఖ్మల్ గుడ్డ కప్పుతాం. అది మండపం వెనక, పరదా కింద, మురుగునీళ్ళ మోరి బండల మీద పడి ఉంది. అంటే దొంగ వెనకనుంచి వచ్చి వెనకనుంచే పోయాడు. అది నాకు కనబడుతోంది. కానీ కైలాసం సేటుకు కనబడలేదు.

కైలాసం సేటు మా మండపం కమిటీ ప్రెసిడెంటు. పప్పులు, బెల్లం హోల్‌సేల్ వ్యాపారం. ఏటా నిమజ్జనం రోజున లడ్డూ వేలంపాట పెడితే ఆయనే పాడుకుంటాడు, ఇంకెవరినీ పాడనివ్వడు. దుకాణం ముందు, మండపం కూడా కనబడేట్టు, సీసీ కెమెరా పెట్టించినప్పటినుంచి ఆయనకు అదే లోకం. పిల్లి పోయినా ఫోన్ తీసి చూస్తాడు. ఆ పొద్దున కూడా ఫోన్ తీసి, అటూ ఇటూ జరిపి చూసి తలూపాడు.

"ముంగట నుంచి ఎవ్వడు రాలే. కెమెరా అబద్ధం చెప్పదు. రాత్రి ఈడ పండుకున్నది ఎవలు?"

ఆ మాట అంటూ ఆయన డానియేలు వైపు చూడలేదు. అందరూ చూశారు.

డానియేలు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. మా మండపానికి లైట్లు కట్టేది అతనే. అతని పెళ్ళి కాకముందునుంచీ కడుతున్నాడు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళొచ్చి, అదే తెల్లచొక్కాతో నిచ్చెనెక్కి మాడిపోయిన బల్బులు మారుస్తాడు. రాత్రి మైకు సామాను పక్కన చాప వేసుకుని కాపలా పడుకుంటాడు. మా ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చిన రాత్రి ఆటో దొరక్కపోతే, ట్రాలీ బండి తెచ్చి దవాఖానకు తీసుకుపోయింది ఆ డానియేలే. అలాంటి మనిషిని పట్టుకుని, పేరు చెప్పకుండా అడుగుతున్నాడు ఈ పెద్దమనిషి.

"పేరు పెట్టి అడుగు సేటూ" అన్నాడు డానియేలు మెల్లగా.

"నేనేమన్న అన్ననా? పండుకున్నది ఎవలని అడిగిన."

"నేనే పండుకున్న. కన్నంటుకుంది. నా తప్పు గంతే."

"అదే గదా నేననేది. ఎవలికి తెల్వకుండ ఎట్ల పోతది?"

నేను ఊరుకోలేదు. "డానియేలు తీసిండంటే నేను తీసిన అన్నట్టే సేటూ, చూసుకో" అన్నాను.  మిగతావాళ్ళలో కొందరు నేల చూశారు, కొందరు స్వామిని చూశారు. డానియేలు ఒక్కొక్కరి మొహం చూసి, పోయి నిచ్చెన తెచ్చి గేటు కమానుకు ఆనించాడు.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ?" అన్నాను.

"లైట్లు విప్పుతున్న అక్కా. నా పేరు సాఫ్ అయినంక పిలువుండ్రి, మళ్ళ కడ్త. గీ బద్నాం మోసుకుంట ఈడ పండుకోను."

అతని భార్య సోనీ ఎప్పుడొచ్చిందో తెలియదు. నిచ్చెన కింద నిలబడి, అతను వదిలిన వైరును చేతికి చుట్టుకుంటోంది. ఆమె అరిచినా బాగుండేది.  ఇవాళ ఈ లైట్లు దిగాయంటే డానియేలు ఇక ఈ గల్లీ గుమ్మం తొక్కడని నాకు తెలుసు. అతను మాట వెనక్కి తీసుకునే రకం కాదు. ఎలాగైనా అసలు దొంగను పట్టుకోవాలి, అదీ ఆఖరి బల్బు దిగేలోపల. పోలీసులకు చెబుదామంటే మండపం మూయిస్తారని ఎవరూ ఒప్పుకోలేదు.

కోపంతో ఆ మఖ్మల్ గుడ్డను లాగి దులిపాను. ఏదో పచ్చగా నా జాకెట్టు చేతికి అంటుకుంది. చూస్తే గడ్డి కంకి, చిన్నవేలంత ఉంది. పీకితే వేలికి పట్టుకుంది. వేలినుంచి దులిపితే నాగమణమ్మ కొంగు మీద పడి అక్కడ కూర్చుంది. ఆమె తీసి విసిరితే శివయ్య తాత పంచెకు తగులుకుంది. గుడ్డ నిండా అవే ఉన్నాయి. పరదా అంచున కూడా వరసగా పట్టుకుని ఉన్నాయి.

శివయ్య తాత రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర పట్టాల మీది గడ్డి అంతా ఆయనే పీకాడట. ఆ గర్వం ఇప్పటికీ దిగలేదు. కంకిని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు.

"గడ్డి గురించి నన్నడుగుండ్రి. నౌకరంత గిదే పీకిన. ఇది కొర్ర."

"కొర్రనా నీ మొహమా. ఇది గరిక ముదిరితే గిట్లయితది" అంది నాగమణమ్మ.

"గరికకు కంకి గిట్ల ఉంటదా? నీ మేకనడుగు, అది చెప్తది."

"నా మేకనెందుకంటవ్?"

ఇద్దరికీ లొల్లి మొదలైంది. కైలాసం సేటు విసుక్కున్నాడు. "గడ్డి గడ్డే. పారెయ్యుండ్రి అవుతల. లడ్డూ పోతే గడ్డి మీద పంచాయితీ ఏంది?"

అప్పుడు నాకు తట్టింది. "నీ కోడలు చదివింది గిదే గదా సేటూ. పిలువు."

కైలాసం సేటు కోడలు స్రవ్య వరంగల్ పిల్ల. బాటనీలో ఎమ్మెస్సీ. కొడుకు దీక్షిత్‌కు ఆ అమ్మాయిని చేసుకున్నప్పటినుంచి సేటుకు ఒకటే హాస్యం. "మా కోడలు గడ్డి చదివింది, ఒక బర్రెను కొనిస్తే సరిపోతది" అని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. ఆ పిల్ల పాపం ఎక్కడెక్కడి గడ్డో తెచ్చి, పాత పేపర్ల మధ్య పెట్టి, గోదాములో కందిపప్పు బస్తాల కింద నొక్కి పెడుతుంది. లెక్చరర్ ఉద్యోగానికి పరీక్ష రాసి, ఫలితం కోసం చూస్తోంది. "గడ్డి చదివినోళ్ళకు నౌకరీ ఎవలిస్తరు? దేవుడే ఇయ్యాలె" అని దాని మీద కూడా ఆయన గల్లీనంతా నవ్వించాడు. ఆ పిల్ల కూడా నవ్వేది. నాకైతే సేటు చెంప పగలగొట్టాలనిపించేది.

ఇప్పుడు కూడా సేటు నవ్వాడు. "పిలువుండ్రి. దాని చదువు ఎంతదాక పనికొస్తదో చూద్దాం."

స్రవ్య వచ్చింది. నేను జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. లడ్డూ పోయిందనగానే ఆ పిల్ల నా మొహం చూసింది. నేను చేసిన లడ్డూయేనా అని అడిగింది. అవునన్నాను. తర్వాత గుడ్డ తీసుకుని చూసింది, నిచ్చెన మీది డానియేలును చూసింది, ఆ తర్వాత మామగారి వైపు తిరిగింది.

"మామయ్యా, చెప్పమంటరా?"

"చెప్పు బిడ్డా, చెప్పు. భయమేంది?"

ఆమె మెడలోని దారానికి ఒక చిన్న భూతద్దం ఉంటుంది. మంగళసూత్రం పక్కన అదేమిటని విమలాదేవి, అంటే ఆమె అత్తగారు, చాలారోజులు గొణిగింది. స్రవ్య దానితో కంకిని చూసి, శివయ్య తాతను దగ్గరికి పిలిచింది.

"తాతా, ఇది కొర్రకు చుట్టమే. కానీ కొర్ర కాదు. కొర్ర కంకి బరువుకు వంగుతది, గింజ లావుగుంటది. ఇది పొలంల వేసేది కాదు, దానంతట అదే మొలిచేది."

"చుట్టమన్నది విన్నవా?" అన్నాడు తాత నాగమణమ్మతో.

"ఇట్ల గింజల పక్కన నూగు ఉండే గడ్డి ఇంకొకటి ఉన్నది. ఎండల, మెట్ట చెలకలల్ల మొలుస్తది. చూడనీకి దగ్గర దగ్గర గిట్లనే ఉంటది. కానీ అది బట్టకు అంటదు. దీన్ని కింది నుంచి పైకి నిమురు తాతా."

శివయ్య తాత నిమిరాడు. వేలు మధ్యలోనే ఆగిపోయింది.

"పట్టుకుంటుందే."

"ఇప్పుడు పైనుంచి కిందికి."

ఈసారి వేలు జారిపోయింది. తాత ఆశ్చర్యంగా తన వేలినే చూసుకున్నాడు. ఇన్నేళ్ళు పీకాడు కానీ ఎప్పుడూ నిమిరిచూడలేదన్నమాట. తర్వాత మేమందరం నిమిరాం. కైలాసం సేటు ఒక్కడే నిమరలేదు.

"దీని ముళ్ళు కిందికి తిరిగి ఉంటయ్. అందుకే అంటుకుంటది" అంది స్రవ్య. "సెటేరియా వెర్టిసిలేటా అంటరు."

"అంటుగడ్డి అంటే అయిపోదా?" అంది నాగమణమ్మ.

"అయిపోతది అవ్వా, అదే పేరు పెట్టుకుందాం. ఇది వానకు మొలుస్తది, గింజ వేస్తది, చలికాలానికి ఎండి చచ్చిపోతది. ఒక్క వానకాలమే దాని బతుకు. అందుకే ఆ గింజను ఎట్లనన్న దూరం పంపాలె. మన బట్టలే దాని బండి. ఈ కంకులు ఇంకా పచ్చగున్నయ్, వాడలే. అంటే రాత్రే ఎవలో ఆ గడ్డిల నడిచి, ఇక్కడికొచ్చి, పరదా కిందికెళ్ళి లోపలికి దూరిండ్రు."

ఆ మాటతో కొందరు మగవాళ్ళు తమ లుంగీలు, ప్యాంట్లు వంగి చూసుకోవడం మొదలుపెట్టారు. శివయ్య తాత తన పంచెకున్నది నాగమణమ్మ విసిరిందేనని నలుగురినీ సాక్ష్యం అడిగాడు. నేను కూడా చీర అంచు చూసుకున్నాను. ఏ పాపమూ చెయ్యకపోయినా చూసుకున్నాను.

"మరి ఆ గడ్డి ఏడుంటది?" అన్నాను.

"నీడ కావాలె అక్కా. తేమ కావాలె. మట్టిల బలముండాలె, చెత్త కుళ్ళిన మన్ను అయితే ఇంకా మంచిది. గోడల పక్కన, మోరీల పక్కన."

కైలాసం సేటు పెద్దగా నవ్వాడు. "గట్లయితే పాతబస్తీ అంత దొంగలే. ఇగ పురానాపూల్ దాక పోయి ఎతుకుండ్రి."

"అంత దూరం అక్కర్లేదు మామయ్యా. వెతకమంటరా?"

"ఎతుకు, ఎతుకు. గడ్డి గడ్డేనని నీకే తెలుస్తది."

చూడండి, ఆయన నిజంగానే అలా నమ్మాడు. ఏడాదిగా దుకాణం ముందు కూర్చుని చెప్పిన జోకును తానే నమ్మాడు. అనుమానం ఉన్నవాడైతే ఆ క్షణమే కోడలిని ఇంటికి పంపేసేవాడు.

స్రవ్య ముందు, వెనక మేమందరం. మొదట గల్లీ చివర ఖాళీ జాగాకు వెళ్ళాం. డానియేలు ఇంటికి దారి అటే. అక్కడ ఎండ దంచి కొడుతుంది. గడ్డి ఉంది కానీ పొట్టిగా, కాకి కాలులా కొసకు చీలి ఉంది. ఆ పిల్ల దానిని మా అందరి బట్టలకూ రుద్దింది. ఒక్కటీ అంటలేదు. అది వేరే జాతి అని, ఎండకే బాగా పెరుగుతుందని చెప్పింది. నేను వెనక్కి తిరిగి, డానియేలుకు వినబడేలా ఆ మాట గట్టిగా మళ్ళీ చెప్పాను. అతను తిరిగి చూడలేదు. కమాను మీది లైట్లన్నీ దిగిపోయాయి, నిచ్చెన మండపం పక్కకు జరిగింది.

తర్వాత మండపం వెనక మోరి బండల దారి పట్టాం. మోరి మీద బండలు పరిచి ఉంటాయి, దాని వెంట నాలుగిళ్ళ పెరటి తలుపులు తెరుచుకుంటాయి. శివయ్య తాతది, నాగమణమ్మది, నాది, చివరగా కైలాసం సేటు గోదాముది. గోదాము దాటితే అడ్డగోడ, దారి లేదు. దొంగ వెనకనుంచి వచ్చాడంటే ఈ నాలుగు తలుపుల్లో ఒకదాన్నుంచే రావాలి. అది అర్థమయ్యేసరికి నేను నా తలుపు వైపే చూశాను. నా పెరడు నేను సరిగ్గా చూసుకుని ఎన్నాళ్ళయిందో.

శివయ్య తాత పెరట్లో అన్నీ సిమెంటు చేయించాడు, గడ్డిపోచ లేదు. రిటైరయ్యాక కూడా పీకడం మానలేదు. నాగమణమ్మ తలుపు దగ్గర మట్టి ఉంది, నీడ ఉంది, తేమ ఉంది. అందరూ ఆమెను చూశారు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం చూస్తున్నరు? ఈడ గడ్డి మొలిస్తే మా మేక బతకనిస్తదా?"

మేక తలెత్తి మమ్మల్ని చూసి, స్రవ్య చేతిలోని కంకిని అందుకోబోయింది. పట్టుకున్న ఒక్క సాక్ష్యాన్నీ తినేసేదే, నేను దాని మూతి మీద ఒకటి వేశాను.

నా పెరడు వచ్చింది. సబ్బు నీళ్ళు, అంట్లు, మాడిన మూకుడు. అంత పచ్చగా ఏదీ లేదు. నా జన్మలో నా పెరడు ఇంత ముద్దుగా నాకెప్పుడూ కనిపించలేదు.

స్రవ్య అక్కడే ఆగిపోయింది. ఇంకొక్క తలుపే మిగిలింది. వెనకనుంచి సోనీ వైరు చుడుతున్న చప్పుడు, నిచ్చెన జరిపిన చప్పుడు వినబడుతున్నాయి. ఆ పిల్ల మొహం మాడిపోయింది.

"మామయ్యా, చెప్పమంటరా?" అంది మళ్ళీ. ఈసారి గొంతు చిన్నగా ఉంది.

సేటు నవ్వు అప్పటికే సగం ఆగింది. "ఆడికొద్దు. పాములుంటయ్. బెల్లం వాసనకు మస్తు చీమలొస్తయ్, చీమలకు కప్పలొస్తయ్, కప్పలకు పాములు."

"పాములుంటే మీ బస్తాలు మోసేటోళ్ళు ఎట్ల తిరుగుతున్నరు సేటూ?" అని నేను ఆయనను దాటుకుని ముందుకు నడిచాను.

గోదాము గోడ ఎత్తుగా ఉంటుంది. దాని నీడలో, పప్పుల పొట్టూ చెడిపోయిన బెల్లమూ ఊడ్చిపోసిన మెత్తని మట్టిలో, మోకాలెత్తు గడ్డి నిండుగా పెరిగి ఉంది. అన్నీ ఆ కంకులే. నేను నడిచిన ఆ కాస్త దూరానికే నా చీర కుచ్చిళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయాయి. గోదాము వెనక తలుపునుంచి బండల దాకా, మనిషి నడిచినట్టు, గడ్డి ఒక వరసలో పక్కకు పడిపోయి ఉంది.

 సేటు తల గోక్కున్నాడు. "దొంగ నా గోదాముల కూడ దూరినట్టున్నడు. నా బెల్లం ఎంత పోయిందో ఏమో" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ వెనక తలుపు తెరుచుకుంది. విమలాదేవి బయటికి వచ్చింది. ఒక చేతిలో సేటు తెల్ల పంచె, ఇంకో చేతిలో దువ్వెన. ఆమెకు గల్లీలో ఏం జరుగుతోందో తెలియదు, పొద్దున్నుంచి ఇంట్లోంచి కదలలేదు. మాలో మొగుణ్ణి మాత్రమే చూసింది.

"ఏమయ్యా, రాత్రి ఈ గడ్డిలకెందుకు పోయినవ్? పంచె నిండ గిదే. పొద్దటిసంది దువ్వెన పెట్టి గీకుతున్న, చేతులు పడిపోయినయ్. ఇగ నా వల్ల కాదు, పారేస్తున్న."

పంచెను మా ముందు దులిపింది. కంకులు రాలలేదు, గట్టిగానే పట్టుకుని ఉన్నాయి.

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిట్టడమే అలవాటు కాబట్టి తిట్టాను. "సేటూ, ఏటేటా పాడుకునేది నువ్వే గదా. ఈ యేడు కూడ నీకే వస్తుండె. నీ లడ్డూ నువ్వే దొంగతనం చేసుడేందయ్యా?"

కైలాసం సేటు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కూర్చున్నచోట కూడా గడ్డే.

"పాడుకున్న లడ్డూ వేరు మహేశ్వరీ. పాడుకున్నదానికి దుకాణం నడుస్తది, గంతే. దొంగతనంగ తెచ్చిన లడ్డూ తింటే ఎంత కాని పనైన అయితదంటరు. ఎవలికి చెప్పకుండ తినిపియ్యాలెనంట."

"నీకేం కాని పని వచ్చింది?"

ఆయన తలెత్తలేదు. "మా కోడలి రిజల్టు ఈ నెలల వస్తది. లక్షల మంది రాసిండ్రు. గడ్డి చదివింది, ఎవలిస్తరు నౌకరీ? రోజు ఫోన్ల చూసుకుంటది, రాత్రిల్ల నిద్రపోదు. నాకు కనపడదా? ముంగట నుంచి పోతే కెమెరా ఉన్నది. అందుకే గిటు పోయిన."

విమలాదేవి చేతిలోని దువ్వెన కింద పడింది. స్రవ్య గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. సేటు ఆమెను చూశాడు.

"నేనని ఎప్పుడెర్కయింది బిడ్డా? ఈ గడ్డి చూసినంకనా?"

"పొద్దున్నే మామయ్యా. పురానాపూల్ గుడి ప్రసాదమని పెట్టిండ్రు గదా. దాంట్ల కర్బూజ గింజలున్నయ్. మండపం కాడికొచ్చి, పోయింది అక్క చేసిన లడ్డూనే అని విన్నంక ఎర్కయింది."

"మరి ఊకోకపోయినవా? నీ కోసమే గదా తెచ్చిన. ఏదో ఒక గడ్డి పేరు చెప్తే నేనెట్లనో సర్దుకుందును."

"మీరే చెప్తరేమోనని అడుగుకుంటనే వచ్చిన మామయ్యా. డానియేలన్న లైట్లు విప్పుతుండె."

 ఆ మాటకు సేటు లేచి, గడ్డి దులుపుకోకుండానే బండల మీదుగా మండపం వైపు నడిచాడు. మేమందరం వెనకే వెళ్ళాం. డానియేలు ఆఖరి వరస లైట్లు విప్పుతున్నాడు. సేటు పోయి నిచ్చెన కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"డానియేలూ, లడ్డూ నేనే తీసిన. పెసరపప్పు బస్తాల వెనక ఉన్నది. నిన్ను ఎరుకుండి బద్నాం చేసిన. నన్నేమన్న అను."

ఆయన చిన్న గొంతుతో మాట్లాడే మనిషి కాదు. గల్లీ మొత్తం విన్నది. డానియేలు కిందికి చూశాడు. సేటు ఒళ్ళంతా పచ్చ కంకులు, వీపు మీద బెల్లం మట్టి.

"ఎందుకు తీసినవ్ సేటూ?"

సేటు కోడలిని చూపించాడు.  మిగతాది నేనే చెప్పాను. అంతా విని డానియేలు నిచ్చెన మీదే కాసేపు కూర్చున్నాడు.  కళ్ళు ఒకసారి చేత్తో తుడుచుకున్నాడు.

"సోనీ, వైరు ఇటియ్యి" అన్నాడు చివరికి. "సేటూ, నిచ్చెన పట్టుకో. వదిలిపెట్టకు."

సేటు పట్టుకున్నాడు. దిగిన లైట్లన్నీ మళ్ళీ ఎక్కేదాకా, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా పట్టుకున్నాడు. దీక్షిత్ వచ్చి నేను పట్టుకుంటానంటే వద్దన్నాడు. తీసిన లడ్డూను మళ్ళీ స్వామి చేతిలో పెట్టకూడదని నాగమణమ్మ తేల్చింది. దాన్ని గల్లీకంతా పంచేశాం. మొదటి ముక్క సోనీకి నేనే తినిపించాను. అదంతా అయ్యాక కొత్త లడ్డూ చెయ్యమని నాకే చెప్పారు. చేశాను. మర్నాడు పాకం తీగసాగుతుండగా సేటు గుమ్మంలోకి వచ్చి, గింజలు కొంచెం ఎక్కువ వేస్తావా అని అడిగాడు. కడుపారా తిట్టాను. 

లడ్డూ పోయిన రోజే, సాయంత్రం హారతికి ముందు, ఫలక్‌నుమా కిరాణా కొట్టు బసవయ్య బెల్లం కోసం వచ్చాడు. సేటు ఇంకా నిచ్చెన దగ్గరే ఉన్నాడు. పైన డానియేలు చివరి బల్బు బిగిస్తున్నాడు.

"లడ్డూ దొంగ దొరికిండట గదా సేటూ. ఎవలు?"

"నేనే."

బసవయ్య నవ్వాడు. సేటు నవ్వకపోయేసరికి ఆపేశాడు. మెల్లగా దుకాణం వైపు జరగబోయాడు.

"ఆగు బసవయ్యా. దొంగ ఎవలని అడిగినవ్, పట్టింది ఎవలని అడుగవేంది?" అన్నాడు సేటు నిచ్చెన వదలకుండానే. "మా కోడలు. ఎమ్మెస్సీ. గడ్డి చదివింది."